పదకొండుసార్లు కనబడిన తాళంచెవి

హిల్మీ చేతికి తాళంచెవి ఇవ్వొద్దని ఇర్బిద్ ఊళ్లో మొట్టమొదట నోరు పారేసుకున్నది నేను. కాబట్టి అతని సంగతి చెప్పవలసిందీ నేనే. ఇంకెవరైనా చెబితే నన్ను మంచిదాన్ని చేసి చెబుతారు.

షెడ్ల వీధిలో, పెయింటింగ్ షెడ్డుకీ రేడియేటర్ల షెడ్డుకీ మధ్య ఇరుక్కుని ఉన్న చిన్న కొట్టు అతనిది. కార్ల తాళంచెవులు చేస్తాడు. వయసు యాభై దాటింది. సన్నటి మనిషి, ఎప్పుడూ వెనక ఎవరో వస్తున్నట్టు సగం పక్కకి తిరిగి నడుస్తాడు. వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఆ చేతులే వీడికీ వచ్చాయి. తాళంచెవుల్లో చిప్పులొచ్చిన కొత్తలో మిగతావాళ్లంతా ఇది మన వల్ల కాదని తాళంకప్పలు అమ్ముకుంటూ కూర్చుంటే, హిల్మీ షార్జా నుంచి వచ్చేసిన ఒకాయన దగ్గర పాత యంత్రం ఒకటి కొన్నాడు. దాని మీద అక్షరాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. హిల్మీకి ఇంగ్లీషు రాదు. ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో ఆరు నెలలు తన పాత డొక్కు బండి మీద నొక్కి నొక్కి నేర్చుకున్నాడు. ఆ డొక్కు బండి రెండుసార్లు చచ్చింది, రెండుసార్లూ లేపాడు.

నాకు అతను చెప్పిందే చెబుతున్నాను. తాళంచెవి నల్లటి తలలో బియ్యపుగింజంత చిప్పు ఉంటుందట. తాళం దూర్చే చోట చుట్టూ రాగితీగ చుట్ట ఉంటుందట. తాళం తిప్పగానే ఆ చుట్ట, నీ పేరేమిటి అని గింజని అడుగుతుంది. గింజ సరైన పేరు చెబితే బండి లేస్తుంది. తప్పు పేరు చెబితే ఒక్క క్షణం లేచినట్టు లేచి పడిపోతుంది, ఎర్రదీపం టపటపా కొట్టుకుంటుంది. దొంగలకి పెట్టిన కాపలా అది.

హిల్మీకి ఒక పద్ధతి ఉంది. బండికి ఎన్ని తాళంచెవులుంటే అన్నీ తెచ్చి బానెట్ మీద గుడ్డ పరిచి పెట్టాలి. ఒకటి ఇంట్లో ఉందండీ అంటే, ఇంటికెళ్లి పట్రండి అంటాడు. భార్య దగ్గరుందంటే భార్యని కూడా పట్రమ్మంటాడు. బండి కాగితంలో పేరూ, మనిషి కార్డులో పేరూ ఒకటి కాకపోతే స్క్రూడ్రైవర్ ముట్టుకోడు. జనం తిట్టుకునేవాళ్లు. తిట్టుకున్నా వాళ్లకి కారణం తెలుసు. హిల్మీకి ముప్ఫై ఏళ్లప్పుడు, సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకడొచ్చి తాళంచెవి పోయిందంటే మర్యాదగా చేసిచ్చాడు. బండి ఆ పెద్దమనిషిది కాదు. తొమ్మిది రోజులు హిల్మీని స్టేషన్లో కూర్చోబెట్టారు. తర్వాత వదిలేశారు గానీ, నిశ్చయమైన సంబంధం వాళ్లు మటుకు వెనక్కి రాలేదు. అప్పటి నుంచి అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. ఎవర్నీ నమ్మడు. ఎవర్నీ నమ్మని మనిషిని ఊరు నమ్మింది, అదీ అతని బతుకుతెరువు.

ఆ నమ్మకం మీద నేను ఉమ్మేశాను.

మా అబ్బాయి లుత్ఫీ టాక్సీ నడుపుతాడు. పసుపు టాక్సీ, ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. నిరుడు వీడు తాళంచెవి పోగొట్టుకుంటే హిల్మీయే రెండోది చేసిచ్చాడు. ఏడాదిపాటు ఏ పేచీ లేదు. ఈ ఎండాకాలం మొదట్లో మొదలైంది రోగం. సెల్ఫ్ కొడితే లేస్తుంది, వెంటనే పడిపోతుంది, ఎర్రదీపం కొట్టుకుంటుంది. నాలుగుసార్లు తిప్పితే ఐదోసారి లేస్తుంది. ఒక్కోరోజు పదోసారి. యూనివర్సిటీ గేటు దగ్గర ఎక్కిన పిల్లలు దిగిపోయి ఇంకో టాక్సీ ఎక్కేసేవాళ్లు. బ్యాటరీ మార్చాం. పెట్రోలు పంపు మార్చాం. మెకానిక్ ఒకడు, హజ్‌కి వెళ్లొచ్చిన నన్ను ఊరంతా పిలిచినట్టే హజ్జా అని పిలిచి, బండికి దిష్టి తగిలింది అన్నాడు. దిష్టి సంగతి నాకొకడు చెప్పాలా! దానికి చెయ్యాల్సింది ముందే చేశాను.

చివరికి హిల్మీ దగ్గరికే వెళ్లాం, నేనూ లుత్ఫీ. రెండు తాళంచెవులూ గుడ్డ మీద పెట్టాను. అతను కాగితం చూశాడు, లుత్ఫీ కార్డు చూశాడు, నిరుడు చూసినవే మళ్లీ చూశాడు.

"ఏమయ్యా, మా లుత్ఫీ మొహం ఏడాదిలో మారిందా?" అన్నాను.

"మొహాలు మారవు హజ్జా, మనసులు మారతాయి" అన్నాడు.

తాళం తిప్పాడు. బండి ఠక్కున లేచింది. ఆపాడు, తిప్పాడు, లేచింది. పదిసార్లు తిప్పితే పదిసార్లూ లేచింది. నాకు ఒళ్లు మండింది. ఇంటి దగ్గర మొరాయించే గొడ్డు ఇతని చేతిలో గొర్రెపిల్లలా ఉందేమిటి?

తర్వాత యంత్రం తెచ్చి స్టీరింగ్ కింద తగిలించాడు. చాలాసేపు చూశాడు. అతని మొహం ముడుచుకుపోయింది.

"లుత్ఫీ, ఈ బండికి తాళంచెవులు ఎన్ని?"

"రెండే కదా. నీ ముందే ఉన్నాయి."

"బండికి తెలియని తాళంచెవి ఒకటి దూర్చారని ఇందులో ఉంది. పదకొండుసార్లు. ఎవరిదది?"

"మాకేం తెలుసు?"

"నీకు తెలియకుండా నీ బండిలో తాళం తిప్పేదెవరు? ఇంకెక్కడైనా చేయించారా? ఎవరికైనా ఇచ్చారా? నిజం చెప్పు, ఎవడో నీ బండి ఎత్తుకుపోయే పనిలో ఉన్నాడు."

నేను ముందుకొచ్చాను. "అడగాల్సింది మేమయ్యా. మూడో తాళంచెవి చెయ్యగలిగిన వాడు ఈ వీధిలో ఎవడు? నువ్వు. నీ చేతిలో పదిసార్లు లేచి, మా చేతిలో పదిసార్లు చచ్చే బండి ఎక్కడైనా ఉందా? నువ్వే అందులో ఏదో పెట్టావు. మళ్లీ మళ్లీ నీ దగ్గరికి రావాలని పెట్టావు."

"హజ్జా, మాట జాగ్రత్త."

"జాగ్రత్త నీకుండాలి, స్టేషన్లో కూర్చుని వచ్చినవాడివి!"

అనకూడని మాట అది. అనేశాను. హిల్మీ యంత్రం తీగ ఊడదీసి, చుట్టి, పెట్టెలో పెట్టుకున్నాడు. మా తాళంచెవులు రెండూ నా చేతిలో పెట్టాడు. డబ్బు తీసుకోలేదు. దాంతో నా అనుమానం ఇంకా ముదిరింది. తప్పు లేనివాడు కూలి ఎందుకు వదులుకుంటాడు?

ఆ సాయంత్రమే రొట్టెల బట్టీ దగ్గర చెప్పాను. మర్నాడు మసాలా కొట్టులో చెప్పాను. టాక్సీ స్టాండులో గుంపుగా టీ తాగుతున్న డ్రైవర్లకి చెప్పాను. హిల్మీ ప్రతి బండికీ ఒక తాళంచెవి తన దగ్గర దాచుకుంటాడట అన్నాను. ఆ 'అట' నేనే పుట్టించాను. మూడు రోజుల తర్వాత అదే మాట మా వీధిలోకి తిరిగొచ్చి, ఒక్కోటీ కాదు, రెండేసి దాచుకుంటాడని నాకే చెప్పింది. చూశారా, నేనన్నది నిజమే అనుకున్నాను.

పదిహేను రోజులు గడిచాయి. టాక్సీ రోగం అలాగే ఉంది. ఒక పొద్దున హిల్మీ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"స్టాండు నుంచి ఒక్క బండి రావడం లేదు హజ్జా. కొట్టు యజమాని అబూ హైసమ్ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. దొంగకి అద్దెకిచ్చాడని అతన్ని నలుగురూ అంటున్నారట. ఇంకో వీధికి పోతే ఈ మాట నాకంటే ముందే అక్కడికి పోతుంది. నా కొట్టు నిలవాలి. అందుకని ఇవాళ మీ టాక్సీలో కూర్చుంటాను."

"కూర్చుని?"

"చూస్తాను."

"నేనూ వస్తాను. నువ్వేం చేస్తావో నేనూ చూడాలి" అన్నాను.

లుత్ఫీ నెత్తి కొట్టుకున్నాడు. "మీ ఇద్దర్నీ ఎక్కించుకుని నేను ప్యాసింజర్లని ఎక్కడ కూర్చోబెట్టను? డిక్కీలోనా?"

నేను ముందు సీట్లో లుత్ఫీ పక్కన కూర్చున్నాను. హిల్మీ వెనక కూర్చున్నాడు. నేను వెనక్కి తిరిగి, "చేతులు ఒళ్లో పెట్టుకో, నాకు కనబడేలా" అన్నాను.

"మీరూ పెట్టుకోండి హజ్జా. నాకూ కనబడాలి" అన్నాడు.

అలా బయల్దేరాం. కూరగాయల మార్కెట్ దగ్గర ఆపాం, బండి లేచింది. ఆసుపత్రి దగ్గర ఆపాం, లేచింది. పెట్రోలు బంకులో ఆపాం, లేచింది. "చూశావా లుత్ఫీ, వీడు ఎక్కితే లేస్తుంది" అని నేను గొణిగాను. "వాడెక్కితే లేస్తే వాణ్ణే పెంచుకుందాం అమ్మా" అన్నాడు వాడు.

నాలుగు రోడ్లు కలిసే రౌండ్ దగ్గర ఒక లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది. అద్దానికీ దానికీ మధ్య అరచెయ్యి కూడా పట్టదు. లుత్ఫీ పక్కకి తీసి, రొట్టెల కొట్టు ముందు ఆపి, తాళం బండికే వదిలి టీ కోసం దిగాడు. హిల్మీ కూడా కాళ్లు చాచుకోడానికి దిగి అటు తిరిగి నిలబడ్డాడు.

ఇక్కడ ఇంతసేపూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. ఎండాకాలం మొదట్లో అమ్మాన్ రోడ్డు మీద లుత్ఫీ వెంట్రుకవాసిలో చావు తప్పించుకున్నాడు. ఆ రాత్రే నేను నీలం గుడ్డతో ఒక తాయెత్తు కుట్టి తాళాల గుత్తికి తగిలించాను. మా దగ్గర తాయెత్తు పరాయివాళ్ల కంట పడకూడదు, పడితే దాని బలం పోతుంది. అందుకని హిల్మీ కొట్టుకి వెళ్లినప్పుడు గుత్తి నుంచి ఊడదీసి గుండెల దగ్గర బట్టల్లో దాచుకున్నాను. ఆ రోజు టాక్సీలో కూడా అంతే. కానీ లారీ అలా రాసుకుపోయాక ఇక ఆగలేకపోయాను. ఎవరూ చూడటంలేదని తీసి గుత్తికి తగిలించేశాను.

వాళ్లిద్దరూ వచ్చి కూర్చున్నారు. లుత్ఫీ తాళం తిప్పాడు. బండి లేచి పడిపోయింది. ఎర్రదీపం టపటపా కొట్టుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ పడిపోయింది.

"ఇదిగో! ఇదిగో!" అని అరిచాను. "దిగి ఎక్కాడో లేదో! ఏం చేశావురా?"

హిల్మీ దీపం వైపు చూడలేదు. నా మొహం వైపూ చూడలేదు. గుత్తికి వేలాడుతున్న నీలం గుడ్డ వైపు చూస్తున్నాడు.

"ఇది పొద్దున లేదు" అన్నాడు.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "చూడకు. నీ కళ్లు తిప్పుకో."

"హజ్జా, లోపల ఏముంది?"

"నీకెందుకు?"

"చూపించొద్దు. విప్పొద్దు. ఏముందో నోటితో చెప్పండి చాలు. నా కొట్టు పోతోంది హజ్జా."

"పటిక. ఉప్పు. దేవుడి మాట రాసిన కాగితం."

"అంతేనా?"

లుత్ఫీ నా వైపు తిరిగాడు. "అమ్మా, నాన్న పాత బండి తాళంచెవి కూడా ఉంది కదా. నువ్వు కుడుతుంటే చూశాను."

వాడి తొడ మీద ఒక్కటిచ్చాను. కానీ మాట బయటపడిపోయింది. మా ఆయన పన్నెండేళ్లు నడిపిన బండి అది. పన్నెండేళ్లలో దాని మీద గోటిగీత పడలేదు. ఆయన పోయాక బండి అమ్మేశాం. అప్పటికే ఒక తాళంచెవి మెడ విరిగి ఉంటే దాని నల్లటి తలకాయ నేను దాచుకున్నాను. ఆ బండికున్న రక్షణ ఈ బండికీ రావాలని దాన్నే తాయెత్తులో పెట్టి కుట్టాను.

హిల్మీ వెనక సీట్లోకి వాలిపోయి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

"ఆ తలకాయలోనూ గింజ ఉంది హజ్జా. బండి నీ పేరేమిటని అడుగుతుంటే, లుత్ఫీ తాళంచెవితో పాటు వాళ్ల నాన్న అబూ లుత్ఫీ తాళంచెవి కూడా పలుకుతోంది. ఇద్దరూ ఒక్కసారే మాట్లాడితే అది ఎవర్ని నమ్ముతుంది? గుత్తి అటు ఊగినప్పుడు ఒకలా, ఇటు ఊగినప్పుడు ఒకలా. ఎక్కువసార్లు ఇద్దరి మాటా కలిసిపోతుంది, ఎప్పుడో ఆయన పేరొక్కటే తేటగా వినబడుతుంది. పదకొండుసార్లు కనబడిన దొంగ ఆయనే."

"మా ఆయన్ని దొంగ అంటావా?"

"నన్ను అన్నారు కదా!"

నేను నమ్మలేదు. తాయెత్తు తీసి లుత్ఫీ చేత తిప్పించాను, లేచింది. పెట్టి తిప్పించాను, చచ్చింది. ఆరుసార్లు చేయించాను. ప్రతిసారీ హిల్మీ చేతుల మీదే ఒక కన్ను పెట్టాను. అవి ఒళ్లోంచి కదల్లేదు. ఏడోసారి ఇక నాకే సిగ్గేసింది.

అప్పుడు హిల్మీ అడిగాడు, "ఎవరెవరికి చెప్పారు?"

వేళ్లు మడిచి లెక్కబెట్టాను. రొట్టెల బట్టీ, మసాలా కొట్టు, టాక్సీ స్టాండు, మా వియ్యపురాలు, ఆవిడకి చెబితే ఇంకో నలుగురికి చెప్పినట్టే.

"అందరికీ తర్వాత చెబుదురుగాని. ముందు అబూ హైసమ్. నా కొట్టుకి తాళం వేసేది అతను."

అటే తిప్పించాను టాక్సీని. అబూ హైసమ్ షెడ్ల వీధి చివర టైర్ల కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. చేదుకాఫీ పోసి ఇచ్చాడు. కప్పు తీసుకుని తాగకుండా కింద పెట్టాను. మా దగ్గర పని అడగడానికి వచ్చినవాళ్లు ఆ పని అయ్యేదాకా కాఫీ ముట్టరు. మగవాళ్లు గుంపుగా వచ్చి చేస్తారు ఆ పని. ఒంటరిగా ముసలిది వచ్చి కప్పు కింద పెట్టేసరికి అబూ హైసమ్ కనుబొమలు నెత్తికెక్కాయి.

"ఏం కావాలి హజ్జా?"

"హిల్మీ కొట్టు హిల్మీకి ఉంచు. నేనన్నది అబద్ధం. తప్పు మాది."

అతను నా వైపు చూశాడు, టాక్సీ పక్కన నిలబడ్డ హిల్మీ వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. "ఎంతిచ్చాడు?"

"ఏమిటీ?"

"పదిహేను రోజులు ఊరంతా తిరిగి దొంగ అన్నావు. ఇవాళ అతని పక్కనే కూర్చుని వచ్చి మంచివాడంటున్నావు. మధ్యలో ఏదో జరిగి ఉండాలిగా?"

నేను ఊరికి నేర్పిన తెలివే అది, నా మీదికే తిరిగింది. జరిగింది చెప్పాను. నవ్వాడు. "బండి చనిపోయినవాళ్ల మాట వింటుందా! ఇద్దరూ బాగా వండుకొచ్చారు."

చుట్టూ జనం చేరారు. పెయింటింగ్ షెడ్డువాళ్లు, రేడియేటర్లవాళ్లు, స్టాండు నుంచి ఇద్దరు డ్రైవర్లు. టాక్సీలో చేసి చూపిస్తాం అన్నాడు లుత్ఫీ. "మీ బండి, మీ తాళం, మీ గుడ్డ. లోపల ఏ తీగ కట్టారో నాకేం తెలుసు?" అన్నాడు అబూ హైసమ్.

"అయితే నీ బండి తియ్యి" అన్నాను.

"నా బండా?"

"తెల్లగా మెరుస్తూ నిలబడి ఉందే, అదే. దాన్ని హిల్మీ ఎప్పుడైనా ముట్టుకున్నాడా?"

"కంపెనీ షోరూం వాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోలేదు."

"హిల్మీ, నువ్వు వీధి అవతలికి పో. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు" అన్నాను. వెళ్లి నిలబడ్డాడు.

తాయెత్తు బట్టల్లోంచి తీశాను. రేడియేటర్ల షెడ్డు కుర్రాళ్ల దగ్గర బ్లేడు అడిగి, అంతమంది మగవాళ్ల కళ్ల ముందు, నేను కుట్టిన కుట్లు నేనే తెంపాను. ఉప్పు నేల మీద పడింది. కాగితం ముద్దుపెట్టుకుని లుత్ఫీ జేబులో పెట్టాను. మా ఆయన తాళంచెవి తలకాయ నా అరచేతిలో మిగిలింది. ఆయన బొటనవేలు రాసుకుని రాసుకుని ఒక మూల నున్నబడిపోయి ఉంది. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. అటు చూశాను. ఆగిపోయింది.

అబూ హైసమ్ తన బండెక్కి తాళం తిప్పాడు, లేచింది. ఆపాడు. నేను కిటికీలోంచి చెయ్యి దూర్చి, అతని తాళంచెవి తల పక్కనే మా ఆయన తాళంచెవి తల ఆనించి పట్టుకున్నాను. "ఇప్పుడు తిప్పు."

తిప్పాడు. లేచి పడిపోయింది. ఎర్రదీపం కొట్టుకుంది. మళ్లీ తిప్పాడు. పడిపోయింది. అతని నుదుటి మీద చెమట పట్టింది.

"నా బండి పాడుచేశావా ముసలిదానా?"

చెయ్యి తీసేశాను. "తిప్పు."

బండి లేచింది. మూడుసార్లు ఆపి మూడుసార్లు తిప్పాడు, మూడుసార్లూ లేచింది. బయటికి దిగి, నా గుప్పిట విప్పించి, తలకాయని అటూ ఇటూ తిప్పి చూశాడు. తీగ కోసం వెతికాడు. ఏమీ లేదు, ముసలి ప్లాస్టిక్ ముక్క. స్టాండు డ్రైవరు ఒకడు తన గుత్తి తీసి చూసుకుంటున్నాడు. వాడి గుత్తికి తన టాక్సీ తాళంచెవి, బావగారి బండి తాళంచెవి, ఇద్దరివీ ఉన్నాయి. "హిల్మీ అన్నా, అందుకేనా నాదీ మొరాయించేది?" అని వీధి అవతలికి కేకేశాడు.

హిల్మీ చేతులు ఇంకా వెనక్కే ఉన్నాయి. "ముందు అవి విడదీసి చూడు" అన్నాడు అక్కణ్ణించే.

అబూ హైసమ్ నా దగ్గరికొచ్చి, చల్లారిపోయిన కప్పు తీసి పారబోసి, కొత్తగా పోశాడు. "ఉంటాడు. నెలాఖరు మాట మర్చిపో. తాగు ఇక."

తాగాను. చేదుగా ఉంది, మూడు గుక్కల్లో తాగేశాను. తర్వాత స్టాండుకీ, బట్టీకీ, మసాలా కొట్టుకీ నడిచి వెళ్లి నా నోటితోనే చెప్పాను. కొందరు నమ్మారు. వియ్యపురాలు ఇప్పటికీ ఏదో ఉండే ఉంటుంది అంటుంది. ఆవిడ అలాగే అంటుంది.

సాయంత్రం హిల్మీ కొట్టుకి వెళ్లాను. తలకాయని అతని ముందు పెట్టి, "దీన్ని ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"గింజ తీసేస్తే ఇక మాట్లాడదు. గుల్ల మీ దగ్గరే ఉంచుకోవచ్చు, తాయెత్తులో కుట్టుకోవచ్చు."

దీపం దగ్గరికి లాగి, సన్నటి కత్తి మొనతో ప్లాస్టిక్ విప్పి, పట్టకారుతో గింజని బయటికి తీశాడు. నిజంగానే బియ్యపుగింజంత ఉంది. నా అరచెయ్యి చాపమని, ఒకవైపు గింజ, ఒకవైపు గుల్ల పెట్టాడు. తన రెండు చేతులూ తిప్పి, వేళ్లు విప్పి, నా మొహం ముందు చూపించాడు. చొక్కా చేతులు పైకి లాగి మోచేతులు కూడా చూపించాడు.

"చూసుకోండి హజ్జా. నా దగ్గర ఏమీ మిగల్లేదు."

చూసుకున్నాను. మోచేతుల దాకా చూసుకున్నాను.